ఏఏసీ బ్లాకులతో పై అంతస్తు: వాడి చూసిన అనుభవం

కిందటి వేసవిలో పై అంతస్తు వేసేటప్పుడు ఎర్ర ఇటుకకు బదులు ఏఏసీ (ఆటోక్లేవ్డ్ ఏరేటెడ్ కాంక్రీట్) బ్లాకులు వాడాము. థర్మల్ కేంద్రాల బూడిద, సిమెంటు, సున్నం కలిపి, కాస్త అల్యూమినియం పొడితో పొంగించి, ఆవిరి ఒత్తిడిలో గట్టిపరిచే ఈ దిమ్మ 600 మిల్లీమీటర్ల పొడవున్నా, లోపలంతా గాలి గదులే కాబట్టి, అంతే పరిమాణపు ఇటుకలతో పోలిస్తే మూడో వంతు బరువే ఉంటుంది. మధ్యాహ్నం మూడింటికి పడమటి గోడకు లోపలివైపు చేయి ఆనిస్తే కాలకపోవడానికి కారణం ఆ గాలే.

నాకు అన్నిటికన్నా నచ్చినది వృథా తగ్గడం. కింది అంతస్తు కట్టినప్పుడు విరిగిన ఇటుక ముక్కలను ట్రాక్టరులో ఎత్తించాము. ఈసారి మేస్త్రీ రంపంతో కొలతకు కోసి, మిగిలిన ముక్కను కిటికీ పక్కన ఇమిడ్చాడు. అర అంగుళం సిమెంటు మాలు పట్టే చోట మూడు మిల్లీమీటర్ల జిగురే సరిపోయింది.

అయితే అమ్మినవారు చెప్పని సంగతి ఒకటుంది: పిల్లరు, గోడ కలిసేచోట జాలీ (వల) కొట్టకుండా ప్లాస్టరింగ్ చేస్తే పగుళ్ళు రావచ్చు. మాకు రెండుచోట్ల వచ్చి, చెక్కించి మళ్ళీ పూయించవలసి వచ్చింది. మిగిలిందనుకున్న సిమెంటులో కొంత అక్కడే ఖర్చయింది. మామూలు మేకు కూడా సరిగా నిలవదు, గడియారానికైనా ప్రత్యేకమైన ప్లగ్గు కావాలి. స్నానాల గదికి మాత్రం ఇటుకే వాడాము.