కంపెనీల లెక్కలు తెచ్చే సాఫ్ట్‌వేర్ కొంటున్నారా? ముందు యూజర్ గైడ్ అడగండి

ఒంగోలు, చీమకుర్తి, నెల్లూరు వైపు ఆడిట్ ఆఫీసులు నడిపేవాళ్లకు, పార్టీలకు అప్పు మీద సరుకు ఇచ్చేవాళ్లకు ఇది. కంపెనీ పేరు కొడితే చాలు, బ్యాలెన్స్ షీటు, లాభనష్టాల ఖాతా ఎక్సెల్‌లో పడిపోతాయంటూ ఒక సాఫ్ట్‌వేర్ అమ్ముతున్నారు. వాట్సాప్ గ్రూపుల్లో తిరుగుతోంది, ఏజెంట్లు ఆఫీసులకూ వస్తున్నారు. మా ఆఫీసులో ఏడాది లైసెన్సు తీసుకున్నాం. మీరు డబ్బు కట్టే ముందు ఇది చదవండి.

డెమోలో చూపించేవన్నీ పెద్ద లిస్టెడ్ కంపెనీలే. వాటి లెక్కలు తేవడం ఘనకార్యమేం కాదు. బీఎస్ఈ, ఎన్ఎస్ఈ సైట్లలో యాన్యువల్ రిపోర్టులు ఊరికే దొరుకుతాయి. మన పని వాటితో కాదు కదా! మన దగ్గరికి వచ్చేది గ్రానైట్ పాలిషింగ్ యూనిట్లు, పొగాకు వ్యాపారులు, రొయ్యల మేత డీలర్లు. వీళ్లలో చాలామందివి పార్ట్‌నర్‌షిప్ ఫర్ములో, సొంత పేరు మీద నడిచే షాపులో. కంపెనీల రిజిస్ట్రార్ దగ్గర లెక్కలు దాఖలు చేసే పనే వాళ్లకు లేదు. కాబట్టి తేవడానికి అక్కడ ఏమీ ఉండదు, ‘దొరకలేదు’ అని చూపించాలి. ఇది అలా చూపించదు. చీమకుర్తి ఫర్ము ఒకదాని పేరు కొడితే, దాదాపు అదే పేరున్న ఇంకో ప్రైవేట్ లిమిటెడ్ కంపెనీ అంకెలు తెచ్చి పోసింది. పైన హెడ్డింగులో మాత్రం మనం కొట్టిన పేరే. సెట్టింగ్స్‌లో ఎక్కడో దాక్కున్న సీఐఎన్ (కంపెనీ గుర్తింపు నంబరు) కాలమ్ ఆన్ చేశాక గానీ గుట్టు బయటపడలేదు. ఆ 21 అక్షరాల నంబరులో మొదటి అక్షరం, ఐదంకెలు అయ్యాక వచ్చే రెండక్షరాలు రాష్ట్రానివి. ఏపీ ఉండాల్సిన చోట టీఎన్ ఉంది.

దీనికన్నా ప్రమాదం బ్రాకెట్లతో. లెక్కల్లో నష్టాన్ని బ్రాకెట్లో వేస్తాం, అందరికీ తెలిసిందే. ఒక కంపెనీ ఒరిజినల్ పీడీఎఫ్‌లో (48.60) అని ఉన్నది షీటులో 48.60 అయి కూర్చుంది. నష్టం కాస్తా లాభమైంది. అవతల మా క్లయింటేమో ఆ పార్టీకి అప్పు లిమిట్ పెంచుదామని ఫోన్ మీద ఫోన్. అనుమానం వచ్చి ఎంసీఏ (కేంద్ర కార్పొరేట్ వ్యవహారాల శాఖ) పోర్టల్‌లో 100 రూపాయలు కట్టి, ఆ కంపెనీ ఏఓసీ-4 (ఏటా లెక్కలు దాఖలు చేసే ఫారం)తో పాటు పెట్టిన అసలు కాగితాలు తెరిస్తే అప్పుడు కనబడ్డాయి బ్రాకెట్లు. ఆ రోజు పడిన టెన్షన్ ఇంకెవరికీ వద్దు.

యూనిట్ల గోల ఇంకొకటి. టర్నోవర్ 100 కోట్ల లోపు కంపెనీ తన లెక్కల్ని వందల్లోనో, వేలల్లోనో, లక్షల్లోనో, మిలియన్లలోనో చూపించుకోవచ్చు. పోయినేడు వేలల్లో వేసి ఈ ఏడు లక్షల్లోకి మారిస్తే, ఈ సాఫ్ట్‌వేర్ రెండు కాలమ్‌లనూ పక్కపక్కన పెట్టేసి ఊరుకుంటుంది. వ్యాపారం వంద రెట్లు పడిపోయినట్టు గ్రాఫు కూడా గీసి ఇస్తుంది, ముచ్చటగా రంగుల్లో! ఇచ్చినవి ఆ ఒక్క కంపెనీ లెక్కలా (స్టాండలోన్), అనుబంధ కంపెనీలు కలిపిన లెక్కలా అన్నది కూడా చెప్పదు.

ఏజెంటు ‘లైవ్ డేటా’ అంటాడు, నమ్మకండి. మార్చితో ముగిసిన ఏడాదికి ఏజీఎం (వాటాదారుల వార్షిక సమావేశం) పెట్టుకోవడానికి మామూలుగా సెప్టెంబరు 30 దాకా గడువుంది, అది అయ్యాక ఏఓసీ-4కి మరో 30 రోజులు. లిస్టెడ్ కాని కంపెనీకి జూలైలోనే కొత్త ఏడాది లెక్కలు కనబడ్డాయంటే అవి ఎక్కడివో గట్టిగా అడగాల్సిందే.

మేం అడిగాం. ఈ అంకె ఏ కాగితంలోంచి, ఏ పేజీలోంచి వచ్చింది అని. “మా సిస్టమ్ ఆటోమేటిక్‌గా తీసుకుంటుంది సార్” అన్నారు. యూజర్ గైడ్ పంపమంటే ఒక పీడీఎఫ్ వచ్చింది. ఇన్‌స్టాల్ చేయడం ఎలా, లైసెన్స్ కీ ఎక్కడ కొట్టాలి, తర్వాత అన్నీ స్క్రీన్‌షాట్లే. వాటిలో ఉన్న బటన్లు మాకిచ్చిన వెర్షన్‌లో లేనే లేవు. డేటా ఎక్కడిది, ఎన్నాళ్లకోసారి మారుతుంది, బ్రాకెట్లను ఎలా చదువుతుంది, దొరక్కపోతే ఏం చూపిస్తుంది, వీటి మీద ఒక్క ముక్క లేదు. సాఫ్ట్‌వేర్‌లో తప్పులుంటాయి, దిద్దుకుంటారు. కానీ ఎలా పనిచేస్తుందో రాసివ్వని సరుకులో తప్పు ఎక్కడుందో కొన్నవాడు ఎలా పట్టుకోవాలి? అందుకే నా దృష్టిలో గైడ్ లేకపోవడమే అన్నిటికంటే పెద్ద లోపం.

కొనాలనే ఉంటే, డెమోలో పేర్లు మీరు చెప్పండి. ఒక పార్ట్‌నర్‌షిప్ ఫర్ము, నష్టాల్లో ఉన్న ఒక చిన్న కంపెనీ, ఈమధ్య పేరు మార్చుకున్నది ఒకటి. వచ్చిన అంకెల్ని ఏజెంటు ఎదురుగానే ఒరిజినల్‌తో పోల్చండి. గైడ్ ముందే తెప్పించుకుని చదవండి. ఈ సాఫ్ట్‌వేర్ ఎంసీఏ పోర్టల్ లాగిన్, పాస్‌వర్డ్ తనలో సేవ్ చేయమని అడుగుతుంది. ఎక్కడ దాస్తారో రాసి లేదు కాబట్టి ఇవ్వొద్దు.

రిఫండ్ అడిగితే లైసెన్స్ యాక్టివేట్ అయ్యాక కుదరదని బిల్లు వెనక ఉన్న షరతు చూపించారు. ఇప్పటికే కొన్నవాళ్లు యూపీఐ యాప్‌లో ఆటోపే మాండేట్ ఉందేమో చూసుకోండి. డబ్బు కట్టేటప్పుడే రెన్యువల్‌కి కూడా ఓకే చేయించుకుంటున్నారు. మాది రద్దు చేసేశాం.