పోస్ట్‌ఫిక్స్: పోర్టు ఊళ్లో పోర్టు గొడవ

సర్వర్ విశాఖ ద్వారకానగర్ ఆఫీసులో ఉంటుంది, మెయిల్ పంపేవాళ్లు గాజువాకలోనో మధురవాడలోనో ఉంటారు. ఇలాంటి చిన్న సంస్థకు పైసా ఖర్చులేని మెయిల్ సర్వర్ సాఫ్ట్‌వేర్ పోస్ట్‌ఫిక్స్ గట్టి సరుకే. కాకపోతే ఇన్‌స్టాల్ చేసినంత మాత్రాన ఆఫీసు బయటినుంచి మెయిల్ పంపేవాళ్లకు పనికిరాదు.

ఫోన్లలో మెయిల్ పంపే పోర్టుగా (సర్వర్‌లోకి వెళ్లే నంబరు ద్వారం) 25 పెడితే చాలా నెట్ కంపెనీలు ఆ దారి మూసేస్తాయి. అది సర్వర్లు తమలో తాము మాట్లాడుకునే పోర్టు. మనుషులు మెయిల్ అప్పగించేది 587లో. కనెక్షన్ మొదటి నుంచే టీఎల్‌ఎస్ (ఎన్‌క్రిప్షన్ రక్షణ) కావాలంటే 465. 2018 నాటి ఇంటర్నెట్ ప్రమాణ పత్రం ఆర్‌ఎఫ్‌సీ 8314 మొగ్గు దీనివైపే.

పోస్ట్‌ఫిక్స్ సెట్టింగుల ఫైలు మాస్టర్ డాట్ సీఎఫ్ (master.cf)లో సబ్‌మిషన్ (587) వరుస ముందున్న హ్యాష్ (#) తీసేసి, కింది ‘-ఓ’ (-o) వరుసల్లో ఎన్‌క్రిప్షన్ తప్పనిసరి చేయాలి, సాస్ల్ (యూజర్ పేరు, పాస్‌వర్డ్ అడిగే పద్ధతి) లాగిన్ ఆన్ చేయాలి. చాలామంది బోల్తాపడేది ఇక్కడే. ఈ వరుసల్లో హ్యాష్‌తోపాటు దాని వెనకున్న ఖాళీలూ చెరిపేస్తే, ‘-ఓ’ని కొత్త సర్వీసనుకుని పోస్ట్‌ఫిక్స్ మొరాయిస్తుంది. ఈక్వల్ గుర్తుకు అటూఇటూ ఖాళీ ఉన్నా తంటాయే. ఈ చాదస్తానికి ఒక మార్కు కోత.

పాస్‌వర్డ్ సరిచూసే పని డవ్‌కాట్ అనే మెయిల్‌బాక్స్ సర్వర్‌కి అప్పగించవచ్చు. దాని సాకెట్ (రెండూ మాట్లాడుకునే ఫైలు) పోస్ట్‌ఫిక్స్ స్పూల్ (పని డైరెక్టరీ)లోని ప్రైవేట్ ఫోల్డర్లో, పోస్ట్‌ఫిక్స్ యూజర్ పేర, 0660 అనుమతితో ఉండాలి.

554 ‘రిలే యాక్సెస్ డినైడ్’ (బయటికి పంపే అనుమతి లేదు) అనే ఎర్రర్ వస్తే ముందు ఫోన్‌లో అవుట్‌గోయింగ్ లాగిన్ ఉందో లేదో చూడండి. విసుగొచ్చి మైనెట్‌వర్క్స్ (లాగిన్ లేకుండా నమ్మే చిరునామాల జాబితా)లో 0.0.0.0/0 (అంటే ప్రపంచమంతా) రాశారో, మీ సర్వర్ స్పామ్‌వాళ్ల సత్రమైపోతుంది.

ఫైర్‌వాల్‌లో 587, 465 తెరిచాక పరీక్ష మొబైల్ డేటా మీదే చేయండి. ఆఫీసు వైఫైలో చేస్తే మైనెట్‌వర్క్స్ చలవతో లాగిన్ లేకుండానే మెయిల్ వెళ్లిపోవచ్చు.