క్యూటీలో బోలెడు రిక్వెస్టులు: మేనేజర్ సిగ్నలా, రిప్లై సిగ్నలా?

సీ++ యాప్‌లు రాసే ఫ్రేమ్‌వర్క్ క్యూటీలో, డెస్క్‌టాప్ యాప్ మొత్తానికి నెట్‌వర్క్ రిక్వెస్టులు పంపే క్యూనెట్‌వర్క్‌యాక్సెస్‌మేనేజర్ ఆబ్జెక్టు ఒక్కటి చాలు. ఒక్కో హోస్టుకు 6 హెచ్‌టీటీపీ రిక్వెస్టులను సమాంతరంగా నడిపి, మిగతావి వరుసలో ఉంచుతుంది. పని అయ్యిందని చెప్పే ఫినిష్డ్ సిగ్నల్ మేనేజర్‌కూ ఉంది, ఒక్కో రిక్వెస్టుకు ఇచ్చే రిప్లై ఆబ్జెక్టుకూ ఉంది. తేల్చుకోవాల్సింది జవాబును ఎక్కడ అందుకోవాలన్నదే.

మేనేజర్ ఫినిష్డ్ సిగ్నల్‌ను కన్‌స్ట్రక్టర్‌లో ఒక్కసారి కనెక్ట్ చేస్తే జవాబులన్నీ ఒకే స్లాట్‌కు (సిగ్నల్ రాగానే నడిచే ఫంక్షన్‌కు) వస్తాయి. ఎర్రర్ లాగింగ్, రిప్లైని తర్వాత తొలగించే డిలీట్‌లేటర్ ఒకేచోట ఉంటాయి. చిక్కల్లా ఏది దేని జవాబో గుర్తించడమే. రిప్లై యూఆర్‌ఎల్‌ను నమ్మొద్దు, రీడైరెక్ట్ అయితే మారిపోతుంది. రిక్వెస్టుకే సెట్‌అట్రిబ్యూట్‌తో ఐడీ తగిలించాలి. కనెక్ట్‌ను రిక్వెస్టు పంపే గెట్ పక్కన రాశారా, మూడో రిక్వెస్టు నాటికి ఒక్కో జవాబుకు స్లాట్ మూడుసార్లు నడుస్తుంది. చాలామంది పడే గుంట ఇదే.

రిప్లై ఫినిష్డ్‌కు లాంబ్డా (అక్కడికక్కడే రాసే పేరులేని ఫంక్షన్) కలిపితే ఐడీ అది పట్టుకున్న విలువల్లోనే, అంటే క్యాప్చర్‌లోనే ఉంటుంది, గుర్తింపు గొడవ లేదు. కానీ కాంటెక్స్ట్‌గా దిస్ (ఆ విండో ఆబ్జెక్టు) ఇవ్వకపోతే, విండో మూశాక వచ్చిన జవాబు యాప్‌ను కూల్చేయగలదు. లోకల్ వేరియబుళ్లను రిఫరెన్సుగా పట్టుకున్నా అంతే.

ఒకే తీరు థంబ్‌నెయిళ్లు వందలుంటే మేనేజర్ సిగ్నల్. పనులు వేర్వేరైతే నిస్సందేహంగా రిప్లై సిగ్నల్. అన్నీ పూర్తయ్యాయని తెలియాలంటే ఫినిష్డ్‌లో మిగిలిన రిక్వెస్టుల కౌంటర్ తగ్గించండి. ఎర్రర్ వచ్చినా ఆ సిగ్నల్ వస్తుంది. డేటా కదలక నిలిచిపోయిన రిక్వెస్టును ఆపేసే సెట్‌ట్రాన్స్‌ఫర్‌టైమ్‌అవుట్ (క్యూటీ 5.15 నుంచి ఉంది) కూడా పెట్టండి.