పెద్ద ట్యూబానా, సూసాఫోనా? బ్యాండు మేళానికి ఏది మేలు

మేళంలో అట్టడుగు స్వరాలు పలికే పెద్ద ఇత్తడి బాకా ట్యూబా. అందులో ఒంటికి చుట్టుకునే రకం సూసాఫోన్. ట్యూబా ఎంత పెద్దదైతే అంత గట్టిగా మోగుతుందనుకుని బేరానికి దిగేవాళ్లే ఎక్కువ. 3/4, 4/4, 5/4, 6/4 అని చెప్పే సైజులు గొట్టం పొడవువి కావు. బి ఫ్లాట్ శృతి ట్యూబా ఏ సైజుదైనా గొట్టం దాదాపు 18 అడుగులే. మారేది గొట్టం లావు, బెల్లు (నాదం బయటికొచ్చే విచ్చుకున్న నోరు) వెడల్పు. ఆ అంకెలకూ ఒక కొలత లేదు. ఒక కంపెనీ 4/4 ఇంకో కంపెనీ 5/4 అంత ఉండొచ్చు. లావు పెరిగేకొద్దీ నాదం పరుచుకుంటుంది, దాని అంచు మొద్దుబారుతుంది. అరవై మంది కూర్చుని వాయించే వాద్యబృందం వెనక అది పరుపులా అమరుతుంది. పదిమంది మేళంలో, సైడు డ్రమ్ములూ పెద్ద డ్రమ్మూ మోగుతుంటే, అదే నాదం ముద్దయి ఏ స్వరమో తెలియకుండా పోతుంది.

6/4 మోజుకు పెద్ద కారణం అమెరికాలోని చికాగో సింఫనీ వాద్యబృందంలో 1944 నుంచి 1988 దాకా ఉన్న ఆర్నాల్డ్ జాకబ్స్ ఊదిన యార్క్ కంపెనీ ట్యూబా. యమహా కంపెనీ 826 మోడల్ దాని పోలికలో చేసిందే. అది సి శృతి వాద్యం, నాలుగు గోడల హాల్లో కూర్చుని ఊదేది. మన మేళాల్లో ట్రంపెట్టు, క్లారినెట్టు, యుఫోనియం అన్నీ బి ఫ్లాటే. సి ట్యూబా తెస్తే వేళ్ల లెక్క మొత్తం మళ్లీ నేర్చుకోవాలి. దాన్ని ఈ పోటీలోంచి తీసేయొచ్చు.

మిగిలినవి రెండు: నిలువుగా పట్టే 4/4 బి ఫ్లాట్ ట్యూబా, భుజాన వేసుకునే సూసాఫోన్. అనంతపురం గడియార స్తంభం దగ్గర పెళ్లి ఊరేగింపులో అయితే నిలువు ట్యూబా సగం ఓడిపోయినట్టే. 58 హెర్ట్జ్ మంద్రం ఎటైనా పాకుతుంది కానీ, స్వరాన్ని గుర్తుపట్టించే పై అనుస్వరాలు (దానితోపాటే మోగే సన్నటి ధ్వనులు) బెల్లు చూసే దిక్కుకే పోతాయి. నిలువు ట్యూబా బెల్లు ఆకాశాన్ని చూస్తుంది. సూసాఫోన్ బెల్లు ముందుకు చూస్తుంది. 26 అంగుళాల బెల్లున్న కాన్ కంపెనీ 20కె లాంటిది వీధి చివరికి కూడా స్వరాన్ని విడమరిచి అందిస్తుంది. బరువంతా ఎడమ భుజం మీద పడుతుంది కాబట్టి కింద మెత్త ఉండాలి. కల్యాణ మండపంలో పైకప్పు ఉంటుంది కనుక నిలువు ట్యూబా నాదం పైన తగిలి కిందికి దిగుతుంది. అక్కడ అదే నిండుగా ఉంటుంది.

శృతి దగ్గర మాత్రం నిలువు ట్యూబాదే పైచేయి, కారణం నాలుగో మీట. మీట నొక్కితే గాలి అదనపు గొట్టంలోకి మళ్లి స్వరం దిగుతుంది. సూసాఫోన్‌కు సాధారణంగా మూడే. బి ఫ్లాట్‌ను సా పెట్టుకుంటే రి, మంద్ర పా రెండూ ఒకటో మీట, మూడో మీట (1-3) కలిపి నొక్కే చోట్లు. లెక్కప్రకారం అక్కడ గొట్టం దాదాపు 13 సెంటీమీటర్లు చాలదు, అందుకే స్వరం పైకి పోతుంది. 1-2-3 కలిపితే లోటు 24 సెంటీమీటర్ల దాకా. పాటలో బేస్ ఎక్కువగా నిలబడేది పా మీదే కాబట్టి తప్పు దాచుకోలేం. నాలుగో మీట ఉంటే 1-3 బదులు 4, 1-2-3 బదులు 2-4 నొక్కి గట్టెక్కొచ్చు. మూడు మీటలదైతే పెదవి వదులు చేసి దించాలి, లేదా మూడో మీట స్లైడు (లాగితే పొడవయ్యే జారుడు గొట్టం) కాస్త లాగి పెట్టుకోవాలి.

ఎండాకాలం ఇంకో చిక్కు. డిగ్రీకి దాదాపు 3 సెంట్లు, అంటే అర్ధస్వరంలో నూటికి మూడు వంతులు, శృతి పెరుగుతుంది. ట్రంపెట్టులో గాలి ఊపిరి వేడికి దగ్గరగానే ఉంటుంది. ట్యూబా లోపలి గాలి మటుకు బయటి ఎండను పట్టుకుంటుంది. పది డిగ్రీల తేడాకు మొత్తం శృతి సరిచేసే మెయిన్ స్లైడు సుమారు 5 సెంటీమీటర్లు లాగాల్సి రావొచ్చు. అంత లాగడానికి చోటుందో లేదో కొనేటప్పుడే చూసుకోవాలి. కీబోర్డుతో కలిపి వాయించే మేళానికి ఇది తప్పనిసరి.

పైకీ కిందికీ కదిలే పిస్టన్ మీటలా, గుండ్రంగా తిరిగే రోటరీవా? మన దుమ్ముకు పిస్టనే. మూత తిప్పి బయటికి లాగి, బట్టతో తుడిచి, నూనె వేసి రోడ్డు మీదే సరిచేసుకోవచ్చు. రోటరీ నున్నగా జారుతుంది, స్వరాలు బాగా కలుస్తాయి; కానీ లోపల ఇసుక చిక్కితే చెక్క సుత్తి, చెయ్యి తిరిగిన మనిషి కావాలి. అనంతపురం వైపు బోరు నీళ్లతో కడిగితే రెండింట్లోనూ తెల్ల పొర కడుతుంది. చివరి కడుగు ఫిల్టరు నీళ్లతో కానీయండి.

పాతది కొంటే ముందు మౌత్‌పీస్ (పెదవులు ఆనించి ఊదే ముక్క) పెట్టి చూడండి. గొట్టంలోకి దిగే దాని కాడకు అమెరికా కొలత వేరు, యూరప్ కొలత వేరు. ఊగినా, మరీ లోపలికి దిగినా శృతి చెడుతుంది. తరవాత మీట నొక్కకుండా దాని స్లైడు లాగి, అప్పుడు మీట నొక్కండి. 'టప్'మని వస్తే గాలి నిలుస్తున్నట్టు. ఇత్తడిలో ఎర్రటి చుక్కలుంటే జింకు పోయి లోహం తినేస్తోందని అర్థం, ధర ఎంత తగ్గించినా వద్దు. సొట్టలు బెల్లు మీదుంటే ఫరవాలేదు, మౌత్‌పీస్ పక్కనున్న సన్న గొట్టంలో ఉంటే మటుకు వదిలేయండి.

ఊరేగింపులే జీవనమైతే ఇత్తడి సూసాఫోన్ తీసుకోండి. ఫైబరుది తేలికే, సొట్ట పడదు. కానీ పగిలితే టంకం పట్టదు, నాదమూ పలచన. మండపాలూ స్టేజీ కచేరీలూ ఎక్కువైతే నాలుగు పిస్టన్ల 4/4. ఆటోలో తీసుకెళ్లేటప్పుడు సూసాఫోన్ బెల్లు మరలు విప్పి వేరు చేయండి. ఆ మరలు ఊళ్లో దొరకవు, జేబులో రెండు ఎక్కువ ఉంచుకోండి.