పాత క్యాంపర్ వ్యాన్‌కి లిథియం జంప్ స్టార్టర్ కొనొచ్చా?

బ్యాటరీ డౌన్ అయిన పాత క్యాంపర్‌ని పక్కన ఇంకో బండి లేకుండా లేపడానికి ఇప్పుడు అందరూ కొంటున్నది అరచేతిలో పట్టే లిథియం జంప్ స్టార్టర్. 1600 నుంచి 2000 సీసీ పెట్రోల్ ఇంజిన్ ఉన్న ఫోక్స్‌వాగన్ టైప్ 2 లాంటి వ్యాన్‌కి ఇది సరిపోతుంది, కొనొచ్చు. కాకపోతే ఇది బండిని స్టార్ట్ చేస్తుందే గానీ బ్యాటరీని ఛార్జ్ చేయదు. ఈ తేడా పట్టించుకోకపోతే సాయంత్రానికి బండి మళ్ళీ ఆగిపోతుంది.

డబ్బా మీద పెద్ద అక్షరాలతో రాసే పీక్ ఆంప్స్ చూసి మోసపోవద్దు. అది రెప్పపాటు అంకె. చిన్న అక్షరాల్లో ఉండే స్టార్టింగ్ కరెంట్ చూడండి. ఈ సైజు ఇంజిన్ తిరగడానికి సుమారు 150 నుంచి 200 ఆంప్స్ చాలు. అయిదు సెకన్లు సెల్ఫ్ కొడితే ఖర్చయ్యేది 0.3 ఆంపియర్ అవర్ లోపే, అందుకే అంత చిన్న ప్యాక్‌తోనూ పని జరుగుతుంది. ఇవి 12 వోల్టుల పరికరాలు, 6 వోల్టుల బండికి మాత్రం వద్దే వద్దు. 1967 మోడల్‌కి ముందు వచ్చిన టైప్ 2 వ్యాన్లలో ఎక్కువ వాటికి 6 వోల్టులే.

తగిలించే ముందు మల్టీమీటర్‌తో బ్యాటరీ వోల్టేజ్ చూడండి. ఇంజిన్ ఆపి కొన్ని గంటలైన బ్యాటరీ 12.6 వోల్టులు చూపిస్తే నిండుగా ఉన్నట్టు, 12.2 అంటే సగం, 11.8 అంటే ఖాళీ. ఒక రాత్రి ఛార్జ్ చేశాక కూడా 10.5 దగ్గరే ఆగితే ఒక సెల్ పోయినట్టే, జంప్ స్టార్టర్ మీద ఆశ పెట్టుకోకుండా బ్యాటరీ మార్చండి.

బే విండో మోడల్‌లో (ముందు ఒకే పెద్ద వంపు అద్దం ఉన్న రెండో తరం టైప్ 2) బ్యాటరీ ఇంజిన్ గదిలోనే కుడి మూల ఉంటుంది. వెనక మూత తీయగానే పెట్రోల్ వాసన వస్తే అక్కడే ఆగండి. పాత రబ్బరు పైపుల నుంచి కారే పెట్రోల్‌కి క్లాంప్ నిప్పురవ్వ ఒక్కటి చాలు. వాసన లేకపోతే ఎర్ర క్లాంప్ ప్లస్‌కి, నల్ల క్లాంప్ రంగు లేని ఇంజిన్ లోహానికి పెట్టి, గేర్ న్యూట్రల్‌లో ఉంచి, అయిదు సెకన్లకు మించకుండా సెల్ఫ్ కొట్టండి. స్టార్ట్ కాకపోతే అర నిమిషం ఆగి మళ్ళీ. ఇంజిన్ అందుకోగానే క్లాంపులు తీసేయాలి, ఆల్టర్నేటర్ కరెంట్ లిథియం ప్యాక్‌లోకి ఎక్కకూడదు.

ఈ పరికరాల్లో అసలు లోపం వైర్ల పొడవు. చాలా వాటికి జానెడు కంటే ఎక్కువ ఉండవు. బే విండోలో నల్ల క్లాంప్ ఇంజిన్ దాకా కష్టం మీద అందుతుంది. దాని తర్వాతి తరమైన టీ3లో బ్యాటరీ ముందు సీటు కింద, ఇంజిన్ వెనక, కాబట్టి బాడీకి తగిలించడమే గతి. కొనేటప్పుడు పొడవు వైర్లున్నది ఎంచుకోండి, ఎందుకంటే నల్ల క్లాంప్ ఎక్కడ పెట్టామన్న దాంట్లోనే పాత బండి జబ్బు బయటపడుతుంది. మైనస్ టెర్మినల్‌కి పెడితే నత్తనడకన తిరిగి, ఇంజిన్‌కి పెట్టగానే హుషారుగా తిరిగితే తప్పు బ్యాటరీది కాదు, ఎర్త్‌ది, అంటే ఇంజిన్ నుంచి బాడీ మీదుగా కరెంట్ బ్యాటరీకి తిరిగొచ్చే దారిది. గేర్‌బాక్స్ ముందు నుంచి బాడీకి వెళ్ళే అల్లిక పట్టీ తుప్పు పట్టి ఉంటుంది. సెల్ఫ్ కొడుతుండగా మైనస్ టెర్మినల్‌కీ ఇంజిన్‌కీ మధ్య అర వోల్టు దాటితే ఖాయం చేసుకోవచ్చు. పట్టీ పాడైతే కరెంట్ యాక్సిలరేటర్, క్లచ్ కేబుళ్ళ గుండా దారి వెతుక్కుని వాటిని కాల్చేస్తుంది. గరుకు కాగితంతో (శాండ్‌పేపర్) రెండు చివర్లూ లోహం మెరిసేదాకా రుద్ది బిగించండి, లేదా కొత్తది వేయండి.

నెలల తరబడి నిలిపేసిన వ్యాన్‌లో బ్యాటరీ వోల్టేజ్ మరీ పడిపోయి జంప్ స్టార్టర్ స్మార్ట్ క్లాంప్ (రక్షణ సర్క్యూట్ ఉన్న క్లాంప్) దాన్ని గుర్తించదు, లైటు కూడా వెలగదు. పరికరం పాడైందనుకుంటారు గానీ అది దాని కాపలా. ఓవర్‌రైడ్ బటన్ నొక్కితే కరెంట్ వస్తుంది, కానీ ఆ క్షణం నుంచి తిరగేసి తగిలించినా ఆపే రక్షణ ఉండదు. ప్లస్, మైనస్ రెండుసార్లు చూసుకుని నొక్కండి. పనిలో పనిగా ఇంజిన్ నడుస్తుండగా బ్యాటరీ వైరు ఊడదీసే పాత అలవాటు మానేయండి, ఆల్టర్నేటర్ డయోడ్లు పోతాయి.

స్టార్ట్ అయ్యాక అరగంట తిప్పితే బ్యాటరీ నిండుతుందన్న నమ్మకం తప్పు. డైనమో ఉన్న మోడల్‌లో ఐడ్లింగ్‌లో దాదాపు ఛార్జే ఎక్కదు. ఇంటికొచ్చి 4, 5 ఆంప్స్ స్మార్ట్ ఛార్జర్ రాత్రంతా పెట్టాల్సిందే. ఖాళీగా వదిలేస్తే ప్లేట్ల మీద సల్ఫేట్ గడ్డకట్టి బ్యాటరీ మళ్ళీ కోలుకోదు. ఆ తర్వాత ఎందుకు డౌన్ అయిందో వెతకండి. బండి ఆపాక మైనస్ వైరుకి వరసలో మీటర్ పెడితే 50 మిల్లీఆంప్స్ లోపే చూపించాలి. స్టీరియో మెమరీ, అలారం కలిసి 100 లాగుతుంటే రోజుకి 2.4 ఆంపియర్ అవర్ పోతుంది, 45 ఆంపియర్ అవర్ బ్యాటరీ మూడు వారాల్లోపే ఖాళీ.

ఈ జంప్ స్టార్టర్‌ని ఎండలో నిలిపిన వ్యాన్‌లో ఉంచకండి, లిథియం సెల్స్ ఉబ్బుతాయి. మూడు నెలలకోసారి ఛార్జ్ చేయండి. ఇక బండి వేడిగా ఉన్నప్పుడు మాత్రమే సెల్ఫ్ 'టిక్' మని ఆగిపోతుంటే దీన్ని కొనకండి. ముందున్న ఇగ్నిషన్ స్విచ్ నుంచి వెనక సెల్ఫ్ సొలినాయిడ్ (సెల్ఫ్ మోటార్‌కి కరెంట్ కలిపే స్విచ్) దాకా వచ్చే పాత వైర్లలో వోల్టేజ్ పడిపోవడమే చాలాసార్లు అందుకు కారణం. సెల్ఫ్ దగ్గర ఒక రిలే, అంటే చిన్న కరెంట్‌తో పెద్ద కరెంట్‌ని కలిపే స్విచ్, వేయిస్తే చాలు.