క్లైవ్ మెట్ల కింద యుద్ధ మంత్రివర్గం: లండన్‌లో ఒక పూట

లండన్‌లో మేమున్న ఐదు రోజుల్లో టికెట్ కొని చూసిన చోట్లలో, పెట్టిన డబ్బుకు తగిన తృప్తి ఎక్కడ దక్కిందని ఎవరైనా అడిగితే తడుముకోకుండా చర్చిల్ వార్ రూమ్స్ అనే చెబుతాను. రెండో ప్రపంచ యుద్ధంలో బ్రిటిష్ ప్రధాని చర్చిల్, అతడి మంత్రులు పనిచేసిన నేలమాళిగ గదులు ఇవి, ఇప్పుడు మ్యూజియం. వెస్ట్‌మినిస్టర్ స్టేషన్ నుంచి కొద్ది నిమిషాలు నడిస్తే, ఇప్పుడు బ్రిటిష్ ఆర్థిక శాఖ ఉన్న పాత ప్రభుత్వ భవనం వద్ద క్లైవ్ మెట్లు, వాటి పక్కనే ప్రవేశద్వారం కనిపిస్తాయి. మెట్ల పైన ఉన్నది రాబర్ట్ క్లైవ్ విగ్రహం. 1765లో మొగల్ చక్రవర్తి నుంచి ఉత్తర సర్కారులకు ఫర్మానా సంపాదించినవాడు అతడే కనుక, ఆ సర్కారు జిల్లాల నుంచే వెళ్లిన మేము అక్కడ కాసేపు ఆగకుండా ఉండలేకపోయాము.

బ్రిటన్ యుద్ధం ప్రకటించడానికి వారం ముందు, 1939 ఆగస్టు 27న, ఈ నేలమాళిగలో పని మొదలైంది. ఉక్కు చట్రంతో కట్టిన గట్టి భవనం కావడం, పార్లమెంటుకూ ప్రధాని నివాసానికీ దగ్గరగా ఉండడం చూసి దీన్ని ఎంచుకున్నారు. ఇక్కడి మంత్రివర్గ గదిలో యుద్ధ మంత్రివర్గం 115 సార్లు సమావేశమైంది. చర్చిల్ కూర్చున్న కుర్చీ చేతుల మీద అతడి గోళ్లూ ఉంగరమూ చేసిన గీతలు ఇప్పటికీ ఉన్నాయి. అమెరికా అధ్యక్షుడు రూజ్‌వెల్ట్‌తో మాట్లాడే టెలిఫోన్ గది తలుపుకు మరుగుదొడ్డి తాళం బిగించడంతో, అది ప్రధాని సొంత మరుగుదొడ్డి అనుకుని ఉద్యోగులు దూరంగా ఉండేవారట.

నన్ను ఎక్కువసేపు నిలబెట్టింది మాత్రం పటాల గది. యుద్ధమంతా రాత్రింబవళ్లు పనిచేసి, 1945 ఆగస్టు 16న దీపాలార్పిన ఆ గదిలో రంగురంగుల టెలిఫోన్లు వరుసగా ఉన్నాయి. అట్లాంటిక్ పటం మీద ఓడల బారులను గుర్తించడానికి గుచ్చిన సూదుల రంధ్రాలే దారుల్లా కనిపిస్తాయి. 1942 ఏప్రిల్ 6న విశాఖపట్నం, కాకినాడల మీద జపాన్ విమానాలు బాంబులు వేసినప్పటి భయాన్ని మా తాతయ్య చెప్పగా విన్న నాకు, మన తీరం కూడా ఇలాంటి గోడల మీద ఒక సూదిమొన అంతే కదా అనిపించింది. 1943 బెంగాల్ కరువులో లక్షలాది మంది ఆకలితో చనిపోతుండగా, ధాన్యం తేవడానికి ఓడలు ఇమ్మన్న అభ్యర్థనలను చాలామేరకు కాదన్నది కూడా ఈ యుద్ధ మంత్రివర్గమే. అది మరిచిపోయి ఈ గదులను మెచ్చుకోవడం నా వల్ల కాలేదు.

టికెట్ ఖరీదైనదే, అయితే చెవిలో వివరణ వినిపించే ఆడియో గైడ్ అందులోనే వస్తుంది, వివరణ స్పష్టంగా ఉంది. సమయం ఎంచుకుని ముందే ఆన్‌లైన్‌లో కొనుక్కోవడం మేలు. నడవాలు ఇరుకు కనుక మధ్యాహ్నానికి జనం ఒరుసుకుంటూ నడవవలసి వస్తుంది. లోపలి చర్చిల్ మ్యూజియం విస్తారమైనదే కానీ, సమయం తక్కువైతే దాన్ని తగ్గించుకుని గదులకే కేటాయించండి. పిల్లలతో వెళ్లేవారు లాంబెత్‌లోని ఇంపీరియల్ వార్ మ్యూజియం కూడా చూడవచ్చు, అక్కడ ప్రవేశం అందరికీ ఉచితం.

వెస్ట్‌మినిస్టర్ దగ్గర గదుల అద్దె మాకు అందలేదు. ఈస్ట్ హామ్‌లో ఒక చిన్న బసలో దిగాము. రెండు ఉదయాలు వేడినీళ్లు రాలేదు, చెప్పినా పట్టించుకోలేదు. అయినా వీధి చివరే ఇడ్లీ, సాంబారు దొరకడం, డిస్ట్రిక్ట్ లైన్ రైలు మారకుండా నేరుగా వెస్ట్‌మినిస్టర్‌లో దింపడం వల్ల ఆ ప్రాంతంలో ఉండడమే మేలని ఇప్పటికీ అంటాను. బస మాత్రం మరొకటి వెతుక్కోండి.