విరిగిన చంద్రుడి బొమ్మ ఉన్న ఆ 4కె డిస్కు కొనేముందు ఇది చదవండి

కవరు మీద సగానికి విరిగిన చంద్రుడు, ముందు ఎర్రటి కళ్ల రోబో. ఆ సైన్స్ ఫిక్షన్ యాక్షన్ సినిమా డిస్కు ఇప్పుడు అమ్మకానికి వచ్చింది. మామూలు డిస్కుకు రెట్టింపు ధర పెట్టి నేను మరింత పదునైన బొమ్మ చూపించే 4కె డిస్కు తెప్పించుకున్నాను. మీరు మాత్రం తొందరపడకండి. కనీసం ఒకసారి అద్దెకు తీసుకుని చూసేవరకూ డబ్బు పెట్టకండి.

కథ బాగాలేదని కాదు. చంద్రుడి మీద గనులు తవ్వే యంత్రాలు ఉన్నట్టుండి ఆజ్ఞలు వినడం మానేస్తాయి. వాటిని మరమ్మతు చేసే మెకానిక్ ఒక్కతే ప్రాణాలతో మిగులుతుంది. దీంతో ఎంత మంచి సినిమా తీయవచ్చు! మొదటి అరగంట అలాగే తీశారు కూడా. ఇరుకైన సొరంగం సెట్టు, గోడల మీద నూనె మరకలు, ఆమె చేతిలో నిజంగా బరువున్న రెంచి. బిగుసుకుపోయిన బోల్టును తిప్పబోతే ఆమె ముంజేతి నరాలు ఉబ్బుతాయి, రెంచి జారి పిడికిలి ఇనుముకు కొట్టుకుంటుంది. చూస్తున్న మనకే చెయ్యి చురుక్కుమంటుంది. ట్రైలర్లో చూపించినవి దాదాపుగా ఈ అరగంటలోని దృశ్యాలే. కొనేవారిని తప్పుదోవ పట్టిస్తున్నది ఆ ట్రైలరే.

ఆమె సొరంగం దాటి పైకి వచ్చిన క్షణం నుంచి చివరిదాకా తెర మీద కంప్యూటర్ గ్రాఫిక్స్ తప్ప మరేమీ లేదు. నేల గ్రాఫిక్స్, ఆకాశం గ్రాఫిక్స్, దూరపు షాట్లలో ఆమె శరీరం కూడా గ్రాఫిక్సే. దగ్గరి షాట్లలో గ్రీన్ మ్యాట్ (తర్వాత గ్రాఫిక్స్ అతికించడానికి వాడే పచ్చటి తెర) ముందు నిలబెట్టి తీశారని ఇట్టే తెలిసిపోతుంది. సూర్యుడు ఎడమవైపు మండుతుంటే ఆమె ముఖం మీద వెలుగు కుడివైపు నుంచి పడుతుంది. ఎదుట ఉన్న రోబో తల ఎక్కడుందో నటికి ఎవరూ చెప్పలేదేమో, ఆమె చూపు దాని భుజం దగ్గరే ఆగిపోతుంది.

క్రేను మీది నుంచి ఆమె దూకే సన్నివేశం చూడండి. ఎత్తు ఇరవై మీటర్లని మాటల్లోనే చెప్పారు. చంద్రుడి గురుత్వాకర్షణ భూమిలో ఆరో వంతే కాబట్టి నేలను తాకడానికి దాదాపు 5 సెకన్లు పట్టాలి. భూమి మీదైతే 2 సెకన్లు. సినిమాలో ఆమె భూమి మీద పడినంత వేగంగా పడుతుంది, మరుక్షణమే గాలిలో తేలుతూ తన్నుతుంది. ఒకే షాట్లో రెండు లోకాల సూత్రాలు! గాలి లేని చోట పేలుళ్ల పొగ మబ్బుల్లా సుడులు తిరుగుతుంది. 1972లో అపోలో 16 వ్యోమగాములు చంద్రుడి మీద రోవర్ నడిపిన దృశ్యాలు ఉన్నాయి. చక్రాలు ఎగజిమ్మిన ధూళి మేఘంలా వ్యాపించకుండా, విల్లులా వంగి నేరుగా కిందికి రాలుతుంది. ఆ ధూళిని అలాగే చూపించి ఉంటే ఎంత కొత్తగా, ఎంత భయంగా ఉండేదో తలచుకుంటే బాధేస్తుంది.

రోబోల సంగతి ఇంకా అన్యాయం. చంద్రుడి మీద బరువు తగ్గుతుంది గానీ ద్రవ్యరాశి తగ్గదు. టన్నుల కొద్దీ ఇనుము కదలాలన్నా, ఆగాలన్నా సమయం పట్టాలి. ఇక్కడ అవి ఈగల్లా గిరుక్కున తిరుగుతాయి. వందల రోబోలు ఆమె మీద విరుచుకుపడుతున్నా ఆమెకేమైనా అవుతుందన్న బెంగ ఒక్కసారీ కలగలేదు.

గ్రాఫిక్స్ అంటేనే నాకు పడదని అనుకోవద్దు. 1993లో వచ్చిన జురాసిక్ పార్క్‌లో డైనోసార్లు కనిపించేది సుమారు 15 నిమిషాలు, అందులో కంప్యూటర్‌తో చేసినవి సగం కూడా ఉండవు. వానలో కారు మీద దాడి చేసే డైనోసార్ టి. రెక్స్‌ను చాలా షాట్లలో నిలువెత్తు యంత్రంగా తయారుచేసి, నిజంగా తడిపి తీశారు. నిజమైన వస్తువు పక్కనే ఉండబట్టి కంప్యూటర్ బొమ్మను కూడా కన్ను నమ్మింది. ఈ సినిమాలో అలా ఆనుకోవడానికి మొదటి అరగంట తర్వాత ఒక్క నిజమైన వస్తువూ లేదు. తప్పు కంప్యూటర్ల ముందు రాత్రింబవళ్లు కూర్చున్న కళాకారులది కాదు. సెట్టు వేయాల్సిన చోట, డూప్‌తో ఫైట్ తీయాల్సిన చోట 'తర్వాత గ్రాఫిక్స్‌లో చూసుకుందాం' అనుకున్నవారిది.

ఇక 4కె ధర. గ్రాఫిక్స్ ఎక్కువగా ఉన్న సినిమాలు చాలా వాటిని 2కె స్థాయిలోనే పూర్తి చేసి, తర్వాత 4కెకు పెంచుతారు. 2కె బొమ్మలో ఉండే చుక్కలు (పిక్సెళ్లు) 4కెలో ఉన్నవాటిలో పావు వంతే. ఈ డిస్కులో సొరంగం దృశ్యాలు పదునుగా ఉన్నాయి, పోరాటాలు మొదలవగానే బొమ్మ మెత్తబడుతుంది. ఏ స్థాయిలో పూర్తిచేశారో కవరు మీద ఎక్కడా లేదు. పెద్ద తెర ఉన్న టీవీలో ఈ తేడా మరీ కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది.

చూడాలని మనసుంటే మామూలు ప్రతిని అద్దెకు తీసుకోండి, ఆ మొదటి అరగంట తప్పక చూడండి. ముందుగా ఆర్డరు ఇచ్చినవారు రద్దుకు వీలుంటే ఇప్పుడే రద్దు చేసుకోండి. డిస్కు ఇప్పటికే ఇంటికి వచ్చి ఉంటే సీలు విప్పకండి. సీలు తీసిన డిస్కును చాలా దుకాణాలు వెనక్కి తీసుకోవు.